వాద్యయాత్ర – 9: గోటి మీటు

పోయిన వారం సముద్రగుప్తుడి బంగారు నాణెం దగ్గర ఆగాం. ఒళ్ళో వీణ పెట్టుకుని తీరిగ్గా కూర్చున్న రాజు. ఆ వీణ మనం కచేరీల్లో చూసే వీణ కాదని కూడా చెప్పుకున్నాం. దానికి మెట్లు లేవు, దండి లేదు. విల్లులా వంగిన కర్ర, దానికి వరసగా తీగలు, ఒక్కో తీగకి ఒక్కో స్వరం, అంతే. అమరావతి, నాగార్జునకొండ శిల్పాల్లో ఆడవాళ్ళ చేతుల్లో ఉన్నదీ అదే. మన దగ్గర ఆ వాద్యం ఎప్పుడో కనుమరుగైంది. పేరు మాత్రం ఇంకో వాద్యానికి అంటుకుని బతికిపోయింది.

ఈ వారం కూడా నాణెం దగ్గరే మొదలుపెడదాం. ఐర్లండులో ముద్రించిన యూరో నాణెం ఏది తిరగేసినా ఒక వైపు హార్ప్ బొమ్మ ఉంటుంది. పాస్‌పోర్టు అట్ట మీదా అదే, సర్కారు ఉత్తరాల మీదా అదే. ఒక వాద్యాన్ని రాజచిహ్నంగా పెట్టుకున్న దేశం ఇంకోటి చూపించడం కష్టం. అయితే ఆ బొమ్మని మొదట నాణెం మీదికి ఎక్కించింది ఐర్లండువాళ్ళు కాదు, వాళ్ళని ఏలడానికి దిగిన ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ. 1534లో ఐర్లండు కోసం కొట్టించిన వెండి నాణేల మీద కిరీటం పెట్టిన హార్ప్ వేయించాడు. దానికి రెండు వైపులా రెండు అక్షరాలు, ఒకటి తన పేరుది, రెండోది రాణి పేరుది. హెన్రీ సంసారం సంగతి తెలిసిందే కదా! ఆన్ పోయి జేన్ వచ్చింది, తర్వాత కేథరిన్ వచ్చింది. రాణి మారినప్పుడల్లా అక్షరం మారింది. హార్ప్ మాత్రం కదలలేదు.

ఆ నాణెం చలామణీలో ఉండగానే, ఆ వాద్యాన్ని పోషించిన ఇళ్ళు ఒక్కొక్కటే కూలడం మొదలైంది. బొమ్మ పైకి వెళ్తున్నకొద్దీ చప్పుడు సన్నగిల్లింది. నేను చెప్పబోయే కథంతా ఇదే.

ముందు వాద్యం చూద్దాం. డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ పాత గ్రంథాలయంలో, పొడవాటి హాల్లో, అద్దాల పెట్టెలో ఒక హార్ప్ ఉంది. జనం దాన్ని బ్రయన్ బోరూ హార్ప్ అంటారు. బ్రయన్ బోరూ 1014లో క్లాన్‌టార్ఫ్ యుద్ధంలో చనిపోయిన రాజు. హార్ప్ పనితనం చూస్తే పద్నాలుగు పదిహేను శతాబ్దాల నాటిది. అంటే రాజు పోయిన మూడు నాలుగు వందల ఏళ్ళకి పుట్టిన వాద్యానికి ఆయన పేరు తగిలించారు. ఇలాంటివి మనకి కొత్తేం కాదు. ఊరికో భీముడి పాదం ఉన్న దేశం మనది.

పేరు ఎలా ఉన్నా వస్తువు మాత్రం అద్భుతం. బొబ్బిలిలో పనస దుంగని తొలిచి ఏకాండి వీణ చేసినట్టే, ఈ హార్ప్‌కి కింద ఉండే బోలు పెట్టెని ఒకే విల్లో మొద్దు నుంచి తొలిచారు. పైన వంపు తిరిగిన మెడ, ముందు బలమైన కంబం. మెడలోంచి దూర్చిన లోహపు బిరడాలకి చుట్టిన తీగలు 29. అవి నరాలు కావు, పట్టు కాదు, ఇత్తడి. అసలు కిటుకంతా ఆ ఇత్తడిలోనే ఉంది. ఇత్తడి తీగని మీటితే గుడిగంటలా మోగుతూనే ఉంటుంది, దానంతట అది ఆగదు. ఒక స్వరం మీద ఇంకో స్వరం, దాని మీద మరోటి పడితే మిగిలేది గోల. అందుకని వాయించేవాడు తీగని మీటడం ఎంత నేర్చుకోవాలో, మీటిన తీగని ఆపడం అంతకు రెట్టింపు నేర్చుకోవాలి. ఒక వేలు మీటుతుంటే పక్క వేలు ఇందాకటి తీగని నొక్కి నోరు మూయిస్తుంది. ఏది మోగనివ్వాలి, ఏది ఎంతసేపు మోగనివ్వాలి, ఏది వెంటనే తుంచెయ్యాలి, ఆ లెక్కలోనే వాయిద్యగాడి ఘనత. మీటడం వేలి కండతో కాదు, పెంచిన గోటితో. హార్ప్‌ని ఎడమ భుజానికి ఆనించుకుని, పైస్థాయి తీగలు ఎడమ చేత్తో, కింది స్థాయి కుడి చేత్తో. ఇప్పటి వాయిద్యగాళ్ళు పట్టే పద్ధతికి సరిగ్గా తలకిందులు.

ఐరిష్ భాషలో దీన్ని క్లార్‌షఖ్ అంటారు. సముద్రం దాటి స్కాట్లండు కొండల్లోకి వెళ్తే కొంచెం యాస మారి అదే పేరు. ఎడింబరా మ్యూజియంలో లామాంట్ హార్ప్, క్వీన్ మేరీ హార్ప్ అని రెండున్నాయి. డబ్లిన్ హార్ప్‌తో కలిపి ఈ మూడే మిగిలిన పాతవాటిలో పెద్దలు. వేల్సులో టెలిన్ అంటారు, అది వేరే దారి, వేరే కథ. ‘కెల్టిక్ హార్ప్’ అన్న మాట మాత్రం ఈ వాయిద్యగాళ్ళెవరూ వాడినది కాదు. ఈ భాషలన్నిటినీ ఒక గాటన కట్టి పండితులు కెల్టిక్ అని పేరు పెట్టింది పద్దెనిమిదో శతాబ్దంలో. దుకాణాలకి ఆ పేరు బాగా నచ్చింది.

పాత ఐరిష్ ధర్మశాస్త్రాల్లో హార్ప్ వాయించేవాడికి ఒక ప్రత్యేకత ఉంది. గారడీవాడు, బూర ఊదేవాడు, హాస్యగాడు వీళ్ళెవరికీ సొంతంగా పరువు వెల లేదు. ఎవరి కొలువులో ఉంటే వాళ్ళ గౌరవమే వీళ్ళది. హార్ప్ వాద్యకారుడికి మాత్రం తన గౌరవం తనదే. అతన్ని అవమానిస్తే అతనికే పరిహారం కట్టాలి. నాయకుడి సభలో కవి పద్యం కడితే, చదవడానికి వేరే గొంతు, ఆ గొంతు వెనక హార్ప్. కవి తన పద్యం తాను చదవడం చిన్నతనం! వాద్యకారుడికి మూడు విద్యలు వచ్చి తీరాలనేవారు: విన్నవాళ్ళని ఏడిపించేది, నవ్వించేది, నిద్రపుచ్చేది. కచేరీలో శ్రోతలు నిద్రపోతే మనవాళ్ళు అవమానంగా భావిస్తారు. అక్కడ అది పరీక్ష ప్యాసయినట్టు.

1601లో కిన్‌సేల్ దగ్గర ఐరిష్ నాయకులు ఓడారు. 1607లో ఉత్తరాది పెద్ద దొరలు హ్యూ ఓనీల్, రోరీ ఓడొనెల్ బంధుబలగంతో ఓడెక్కి యూరప్ వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. భూములు ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లోకి పోయాయి. సంస్థానం పోతే విద్వాంసుడి గతి ఏమిటో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. కొలువు పోయింది, రోడ్డు మిగిలింది. హార్ప్ వాద్యకారుడు ఇంటింటికీ తిరిగే మనిషయ్యాడు. పాత ఐరిష్ ఇల్లయినా సరే, కొత్తగా దిగిన ప్రొటెస్టంటు దొర ఇల్లయినా సరే, పొయ్యి దగ్గర ఇంత చోటు, నాలుగు రోజుల తిండి, వెళ్ళేటప్పుడు చేతిలో కొంత డబ్బు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. ఈ విద్య చూపులేనివాళ్ళ బతుకుతెరువైంది. మశూచి ఊళ్ళ మీద పడి పిల్లల కళ్ళు తీసుకుపోయే కాలం. పొలం పనికి పనికిరాని పిల్లాడికి హార్ప్ నేర్పించి, గుర్రం, దారి చూపే కుర్రాడు ఇచ్చి పంపేవారు. అందరికంటే పేరు తెచ్చుకున్న టర్లో ఓ కారోలాన్ (1670–1738) అలా వచ్చినవాడే. పద్దెనిమిదో ఏట మశూచితో చూపు పోతే, తండ్రి పనిచేసే ఇంటి యజమానురాలు మేరీ మెక్‌డెర్మట్ రో మూడేళ్ళు నేర్పించి గుర్రం ఎక్కించింది. వేళ్ళు ముదిరాక మొదలుపెట్టిన విద్య కదా, వాయించడంలో ఘనుడు కాదట. ఒక ఇంటి పెద్దమనిషి, నీ వేళ్ళకన్నా నీ బుర్ర మెరుగు, పాటలు కట్టు అన్నాడని కథ. కట్టాడు. రెండు వందలకి పైగా వరసలు మిగిలాయి, చాలావాటికి అన్నం పెట్టిన ఇంటివాళ్ళ పేర్లే. డబ్లిన్‌లో అప్పుడు మోజుగా వింటున్న ఇటలీ సంగీతం చెవిన పడితే దాన్నీ కలుపుకున్నాడు. చివరికి జబ్బుపడి మళ్ళీ మేరీ ఇంటికే వచ్చి అక్కడే కన్నుమూశాడు.

ఇక 1792, బెల్ఫాస్టు. అసలు ఈ భాగం రాయాలనుకున్నది ఈ ఊరి కోసమే.

నార, నూలు వ్యాపారంతో డబ్బు చేసిన ఊరు. ఫ్రెంచి విప్లవం గాలి బాగా సోకిన ఊరు. ముందటేడే ఇక్కడ యునైటెడ్ ఐరిష్‌మెన్ సంఘం పుట్టింది. దాని ముద్ర మీద కూడా హార్పే, కాకపోతే కిరీటం తీసేశారు. జులై రెండో వారంలో బాస్టీలు కోట పడిన రోజు వార్షికోత్సవానికి ఊరు ముస్తాబవుతోంది. డాక్టర్ జేమ్స్ మెక్‌డొనెల్ అనే వైద్యుడూ మరికొందరు పెద్దమనుషులూ కలిసి, దేశంలో మిగిలిన హార్ప్ వాద్యకారులందరూ అదే వారంలో రావాలని ముందే పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. బహుమతులు ఉంటాయన్నారు.

వచ్చింది పదిమంది, వేల్సు నుంచి ఇంకొకడు. దేశం మొత్తానికి పదిమంది! సగానికి పైగా చూపులేనివాళ్ళు. చిన్నవాడు విలియమ్ కార్, పదిహేనేళ్ళు. ఒకే ఒక్క ఆడమనిషి రోజ్ మూనీ, ఆమెకీ చూపు లేదు. ఆర్థర్ ఓనీల్ రెండేళ్ళ వయసులో కళ్ళు పోగొట్టుకున్నవాడు, పెద్ద కబుర్ల పోగు. ఎప్పుడో 1760లో లిమరిక్‌లో ఒక వకీలు ఇంట్లో పడి ఉన్న బ్రయన్ బోరూ హార్ప్‌కి తీగలు కట్టి, మెడకి తగిలించుకుని, ఊరి వీధుల్లో వాయించుకుంటూ తిరిగానని తర్వాత చెప్పి రాయించాడు. ఇవాళ అద్దాల పెట్టెలో ఉన్నది ఆ హార్పే.

అందరికంటే పెద్దవాడు డెనిస్ హెంప్సన్, తొంభై ఏడేళ్ళు. మూడో ఏట మశూచి. పన్నెండో ఏట బ్రిజిడ్ ఓకహాన్ అనే ఆవిడ దగ్గర హార్ప్ మొదలు. 1745లో ఎడింబరాలో స్టువర్టు రాజకుమారుడు చార్లీ ఎదుట వాయించాడు. ఎనభై ఆరో ఏట పెళ్ళాడి కూతుర్ని కన్నాడు. తల వెనక పెద్ద కంతి ఉండేది, దాన్ని చూసి జనం రెండు తలల మనిషి అనేవారు. వచ్చిన పదిమందిలో పాత పద్ధతిలో, వంకర తిరిగిన పొడుగు గోళ్ళతో మీటేవాడు ఈయనొక్కడే. మిగతావాళ్ళంతా అప్పటికే వేలి కొసలకి దిగిపోయారు.

మొదటి బహుమతి, పది గినీలు, ఆయనకి రాలేదు. చార్ల్స్ ఫానింగ్‌కి వచ్చింది. ఓనీల్‌కి ఎనిమిది, మిగతా అందరికీ ఆరేసి. ఫానింగ్ జనానికి తెలిసిన పాటనే కొత్త ఫ్యాషను హంగులతో వాయించాడు. న్యాయనిర్ణేతలు మెచ్చినదీ అదే. పోటీల్లో ఇది మామూలే, ఎవరినీ తప్పు పట్టను. విప్లవ నాయకుడు వుల్ఫ్ టోన్ కూడా ఆ హాల్లో కూర్చున్నాడు. పదిమందిలో ఏడుగురు దారుణం, ముగ్గురు బాగున్నారు, వాళ్ళలో ఫానింగ్ అందరికన్నా చాలా మెరుగు అని డైరీలో రాసుకున్నాడు. మంచి ఐరిష్ పాటలన్నీ ఇప్పటికే ఎవరో రాసేసే ఉంటారని కూడా తేల్చేశాడు. ఇంకో రోజు మరీ విసుక్కున్నాడు. జెండా మీది హార్ప్ కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడ్డ మనిషి, కళ్ళెదుట మోగుతున్న హార్ప్‌ని నాలుగు రోజులు భరించలేకపోయాడు.

అదే హాల్లో ఒక పక్కన పందొమ్మిదేళ్ళ కుర్రాడు కాగితాల మీద చకచకా రాసుకుంటున్నాడు. పేరు ఎడ్వర్డ్ బంటింగ్. చర్చిలో ఆర్గన్ వాయిస్తాడు. పదకొండో ఏట నుంచీ మెక్‌క్రాకెన్ కుటుంబం ఇంట్లో పెరిగినవాడు. ఆ ఇంటి బిడ్డ హెన్రీ జాయ్‌ని తర్వాత 1798 తిరుగుబాటులో బెల్ఫాస్టు నడివీధిలో ఉరితీశారు. నిర్వాహకులు బంటింగ్‌కి కూలి ఇచ్చి కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు రాయి, ఒక్క స్వరం కూడా సొంతంగా చేర్చకు అని గట్టిగా చెప్పారు. కుర్రాడికి అది పూనకంలా పట్టుకుంది. పండగ అయ్యాక కూడా వదల్లేదు. హెంప్సన్‌ని వెతుక్కుంటూ మగిల్లిగన్‌లో ఆయన గుడిసెకి వెళ్ళాడు. అక్కడ ముసలాయన చేత ఒక పాత ఆలాపన వాయించుకున్నాడు. శ్రుతి కుదిరిందో లేదో చూసుకోవడానికి పూర్వం మొదట్లో వాయించే ముక్క అది. హెంప్సన్ ఒక పట్టాన ఒప్పుకోలేదు. అది వాయిస్తే పాత రోజులు గుర్తుకొస్తాయి, వద్దన్నాడు. ఎంతో బతిమాలితే కొంత భాగం వాయించాడు. ఆ కొంతే మనకి మిగిలింది.

1796లో బంటింగ్ మొదటి సంపుటం అచ్చయింది, 66 పాటలు. ఒక్క స్వరం చేర్చకూడదన్న షరతు ఏమైందో పుస్తకం తెరిస్తే తెలుస్తుంది. ప్రతి పాటా పియానోకి! కింద ఎడమ చేతికి అప్పటి పాశ్చాత్య బాణీలో పొందికైన తోడు స్వరాలు, పాటకి తగ్గ పట్టణపు దుస్తులు. బంటింగ్‌ని నేను తిట్టను. 1796లో పుస్తకం కొనేవాళ్ళ ఇళ్ళలో ఉన్నది పియానోనే, గోళ్ళు పెంచిన గుడ్డి తాత కాదు. అయినా ఒక నష్టం జరిగింది. పాట కాగితం మీదికొచ్చింది, దాన్ని మోసిన చెయ్యి రాలేదు. ఏ తీగని ఎక్కడ ఆపాలి, ఏది మోగనివ్వాలి అన్నది పియానో స్వరలిపిలో రాయడానికి చోటే లేదు. పాటల మాటలకీ ఇదే గతి పట్టింది. ఐరిష్ పాఠాలు సేకరించడానికి 1802లో ప్యాట్రిక్ లించ్‌ని పడమటి ఊళ్ళకి పంపారు. ఆయన తిరిగి తిరిగి రాసుకొచ్చినవి 1809 సంపుటంలో అచ్చెక్కలేదు, బదులు ఇంగ్లీషు పద్యాలు వచ్చాయి. ఈ వరసల్లోంచే కవి థామస్ మూర్ కొన్ని తీసుకుని ఇంగ్లీషు పాటలు కడితే లండన్ సోఫాలన్నీ కన్నీళ్ళు పెట్టుకున్నాయి.

1808లో బెల్ఫాస్టు పెద్దమనుషులు చూపులేని పిల్లలకి హార్ప్ నేర్పే సంఘం పెట్టి ఆర్థర్ ఓనీల్‌ని గురువుగా కూర్చోబెట్టారు. 1813కి డబ్బులైపోయి మూతపడింది. దాన్ని మళ్ళీ తెరిపించిన డబ్బు ఎక్కడిదో తెలిస్తే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అది ఇండియా డబ్బు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడికి వచ్చిన ఐరిష్ దొరలు చందాలు వేసుకుని దాదాపు 1200 పౌన్లు పంపితే, 1819లో సంఘం తిరిగి లేచింది. అప్పుడు కలకత్తాలో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్, ఆయనా డబ్లిన్‌లో పుట్టినవాడే. తెలుగువాళ్ళకి ఈ పేరు వేరే చోట తగులుతుంది. హైదరాబాదులో పామర్ కంపెనీ నిజాముకి అప్పులిచ్చి వడ్డీలు పిండుతున్నది సరిగ్గా ఈ ఏళ్ళలోనే. ఆ కంపెనీకి కొమ్ముకాశాడన్న మాట చివరికి హేస్టింగ్స్ మెడకి చుట్టుకుంది. ఒక దేశంలో కొల్లగొట్టి ఇంకో దేశంలో కళాపోషణ చేయడం కొత్తా కాదు, పాతబడేదీ కాదు.

ఇండియా చందా ఇరవై ఏళ్ళు లాక్కొచ్చింది. ఓనీల్ శిష్యుడు వాలంటైన్ రెన్నీ పిల్లలకి నేర్పుతూ నేర్పుతూ 1837లో పోయాడు. 1839కి సంఘం కూడా పోయింది. నేర్చుకున్న కుర్రాళ్ళని పిలిచి వాయించుకునే ఇళ్ళు లేవు, సారాయి అంగళ్ళలో వాయించి తాగుడు మరుగుతున్నారు, ఇంక ఇది గౌరవంగా ముగియడమే మేలు అన్న ధోరణిలో కార్యదర్శి ఉత్తరం రాశాడు.

ఈలోగా డబ్లిన్‌లో జాన్ ఈగన్ అనే పనివాడు కొత్త బుల్లి హార్ప్ తయారుచేశాడు. పచ్చరంగు, బంగారు ఆకులు, జంతువుల పేగుతో చేసిన మెత్తటి తీగలు, స్వరాలు మార్చడానికి మీటలు. వేలి కండతో వాయించాలి. దొరసానులకి తెగ నచ్చింది. ఇవాళ కెల్టిక్ హార్ప్ పేరుతో అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం ఈగన్ బిడ్డలే, హెంప్సన్ బిడ్డలు కావు. 1953లో బ్రిటనీ మూలాలున్న ఒక తండ్రి కొడుకు కోసం హార్ప్ చేసిచ్చాడు. ఆ కొడుకే అలన్ స్టివెల్, 1971లో ఆయన వేసిన రికార్డుతో హార్ప్ ఫ్రాన్సు నుంచి ప్రపంచమంతా తిరిగింది. 2019లో ఐరిష్ హార్ప్ వాదనాన్ని యునెస్కో తన జాబితాలో చేర్చింది. ఈ మధ్య వందేళ్ళలో ఇంకా చాలా జరిగాయి, వాటి మీద నాకు పెద్ద ఆసక్తి లేదు. నా చూపు హెంప్సన్ హార్ప్ మీదే ఉంది.

అది 1702లో కార్మక్ ఓకెల్లీ చేసిన హార్ప్. యుగాల నాడు నేలలో పూడుకుపోయిన నన్ను ఓకెల్లీ తవ్వితీశాడని హార్పే చెప్పుకుంటున్నట్టు ఉండే పద్యం దాని పక్కన చెక్కి ఉంది. హెంప్సన్ దాన్ని తొంభై ఏళ్ళకి పైగా వాయించాడని చెప్పుకుంటారు. 1807లో, నూట పన్నెండో ఏట అంటారు, చనిపోయే ముందు రోజు ఇంటికొచ్చిన పాదిరీ కోసం మంచంలో లేపి కూర్చోబెట్టించుకుని నాలుగు స్వరాలు మీటాడు. చివరి గోటి మీటు అదే. ఆ హార్ప్ చేతులు మారి మారి గిన్నెస్ బీరు కంపెనీకి చేరింది. గిన్నెస్ సీసా మీద 1862 నుంచీ ఉన్నది మాత్రం బ్రయన్ బోరూ హార్ప్ బొమ్మ. ఐర్లండు స్వతంత్రమయ్యాక సర్కారు అదే హార్ప్‌ని చిహ్నంగా తీసుకోవాల్సి వచ్చి, బీరు కంపెనీ ముద్రతో కలిసిపోకుండా అటు తిప్పి వేసుకుంది. నాణెం మీది హార్ప్, సీసా మీది హార్ప్ ఇప్పటికీ ఎదురెదురు దిక్కులు చూస్తుంటాయి.

బంటింగ్ అరవై ఏడో ఏట, 1840లో, మూడో సంపుటం వేశాడు. అందులో పాటల ముందు కొన్ని పట్టికలు ఇచ్చాడు. ఫలానా గమకానికి ఐరిష్‌లో ఫలానా పేరు, దానికి ఏ వేళ్ళు, ఏ తీగ మోగాలి, ఏ తీగ ఆగాలి. వాయించేవాళ్ళెవరూ మిగలని రోజుల్లో వేసిన పట్టికలవి. 1970ల్లో అమెరికాలో మిన్నెసోటాలో ఆన్ హేమన్ అనే ఆవిడ వాటి ముందు కూర్చుంది. నేర్పేవాళ్ళు ఎవరూ లేరు. గోళ్ళు పెంచుకుని, ఇత్తడి తీగలు కట్టుకుని, ఏ తీగని ఎప్పుడు ఆపాలో ఒక్కొక్కటే వెతుక్కోవడం మొదలుపెట్టింది.

(సశేషం)